గాలి తాగే గొట్టం

పూర్తిగా చచ్చిపోయిన పంపుతో పేచీ లేదు. ఇంజను స్టార్టవదు, బోటు రేవు కదలదు, మెకానిక్కుకి కబురెళ్తుంది, పొద్దు తిరిగేలోగా కొత్తది బిగుస్తుంది. మనుషుల్ని ఏడిపించేది చచ్చిన పంపు కాదు, చావబోతున్న పంపు. తాడు కట్టి ఉన్నంతసేపూ అది కిక్కురుమనదు. కాకినాడ కాలువ దాటేదాకా సరే, హోప్ ఐలాండ్ చాటున ఉన్నంతసేపూ సరే. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసుక దిబ్బ అలల్ని ఆపుతుంది కాబట్టి లోపలి నీళ్ళలో ఇంజనుకి పెద్ద పనుండదు. దిబ్బ కొస దాటి, బయటి సముద్రంలో వల దింపి, యాక్సిలేటర్ పూర్తిగా లాగిన కాసేపటికి ఇంజను గొంతు మారుతుంది. ఆర్పీఎం మెల్లిగా జారుతుంది. బోటు నడిపే సరంగు యాక్సిలేటర్ తగ్గిస్తే కోలుకుంటుంది, పెంచితే మళ్ళీ జారుతుంది. విసుగొచ్చి వల ఎత్తేసి వెనక్కొచ్చి, రేవులో మెకానిక్కు ముందు స్టార్ట్ చేస్తే వంక పెట్టడానికి లేకుండా నడుస్తుంది. "బానే ఉంది కదా" అంటాడతను. సరంగు మొహం చూడాలి అప్పుడు.

కారణం మామూలు లెక్కే. 100 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను పూర్తి లోడు మీద గంటకు 20 లీటర్ల దాకా తాగుతుంది. ఐడిలింగ్‌లో రెండు లీటర్లు కూడా తాగదు. అంటే సగం బలం పోయిన పంపు కూడా రేవులో ఇంజనుకి కావలసినంత పోస్తూనే ఉంటుంది. కరువొచ్చేది గిరాకీ పెరిగినప్పుడే. అందుకే ఒడ్డున నిలబెట్టి ఇంజను ఆడించి చూసి, పంపు బాగుందనో బాగోలేదనో తేల్చేవాళ్ళ మాట నేను నమ్మను.

నేను చెబుతున్నది ఫీడ్ పంపు గురించి. బోటు ఇంజన్లలో డీజిల్‌కి సంబంధించి రెండు పంపులుంటాయి. పెద్దది ఇంజెక్షన్ పంపు. మైకో పంపు అంటే ఇప్పటికీ రేవులో అందరికీ తెలుసు. బాష్ వాళ్ళు 1951లో బెంగళూరులో పెట్టిన మైకో కంపెనీ, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది గానీ మెకానిక్కుల నోట్లో పాత పేరే మిగిలింది. ఆ పంపు డీజిల్‌ని నాజిళ్ళ దాకా 200 బార్ల ప్రాంతంలో తోస్తుంది. గౌరవమంతా దానికే. దాన్ని విప్పడానికి వేరే షాపు, వేరే నిపుణుడు, కాలిబ్రేషన్ బెంచీ. చిన్నది ఫీడ్ పంపు. టాంకులో ఉన్న డీజిల్‌ని లాగి ఫిల్టరు మీదుగా పెద్ద పంపు గుమ్మం దాకా తెచ్చి వదలడమే దాని పని. ఒత్తిడి చాలా ఇంజన్లలో ఒక బారు కూడా ఉండదు. ఇంజను పక్కన రెండు బోల్టులతో వేలాడుతూ, పైన జిడ్డూ మట్టీ పేరుకుని, అవసరమొచ్చేదాకా ఎవరి కంటా పడకుండా ఉంటుంది.

దాని లోపలి ఏర్పాటు నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. కామ్ తిరుగుతూ ఒక లీవరుని నొక్కుతుంది. లీవరు రబ్బరు డయాఫ్రాన్ని కిందికి లాగుతుంది. అప్పుడు ఒక వాల్వు తెరుచుకుని టాంకు వైపు నుంచి డీజిల్ వస్తుంది. దాన్ని పైకి తోసేది కామ్ కాదు, డయాఫ్రం కింద ఉన్న స్ప్రింగు. ఇంజనుకి డీజిల్ అక్కర్లేనప్పుడు స్ప్రింగు తోయలేక ఊరుకుంటుంది, డయాఫ్రం కిందే ఆగిపోతుంది, లీవరు ఉత్తినే ఆడుతుంది. ఎంత కావాలో అంతే ఇచ్చే నియంత్రణ కోసం వేరే పరికరమేదీ పెట్టలేదు. పాతకాలపు ఇంజనీర్లు స్ప్రింగుతోనే పని కానిచ్చారు. బాష్ ఇన్‌లైన్ పంపుల పక్కన బిగించే ఫీడ్ పంపుల్లో డయాఫ్రం బదులు ప్లంజరుంటుంది, చేత్తో కొట్టడానికి పైన నాబు ఉంటుంది. సూత్రం ఒకటే.

డీజిల్ దారిలో చేరిన గాలిని స్క్రూ వదులు చేసి వదిలించడం, అంటే ఎయిర్ తీయడం, మన రైతులకి కొత్తేమీ కాదు. నూతి దగ్గర ఆయిల్ ఇంజను పెట్టుకున్న ఇంట్లో పిల్లలకి కూడా ఆ స్క్రూ ఎక్కడుందో తెలిసేది. కానీ ఆ ఇంజన్లకి టాంకు నెత్తిన ఉంటుంది. డీజిల్ తనంతట తనే దిగుతుంది, లాగేవాడితో పనిలేదు. బోటులో అలా కుదరదు. వేల లీటర్ల టాంకుల్ని నెత్తిన పెడితే బోటు ఒరుగుతుంది, అందుకే వాటిని కిందే పెడతారు, డీజిల్‌ని లాగాల్సొస్తుంది. తిప్పలన్నీ ఆ లాగడం దగ్గర మొదలవుతాయి.

పంపు దాటాక ఎక్కడ లీకైనా కంటికి కనిపిస్తుంది. డీజిల్ కారుతుంది, చేతికి అంటుతుంది, వాసనొస్తుంది. పంపుకి ముందున్న గొట్టంలో కన్నం పడితే ఏమీ కారదు. గాలి లోపలికి పోతుంది. కొబ్బరి బొండాంలో పెట్టిన గొట్టానికి సన్నటి పగులుంటే ఏమవుతుందో అదే. పీల్చేవాడికి గాలి వస్తుంది, బయట చుక్క పడదు. కాబట్టి టార్చిలైటు పట్టుకుని తడి కోసం వెతికే అలవాటు ఇక్కడ పనిచెయ్యదు. లీకున్న చోటు పొడిగా, శుభ్రంగా, అమాయకంగా ఉంటుంది. ఒక ఆనవాలు మాత్రం ఉంది. రాత్రంతా ఆగిన ఇంజను పొద్దున్న మొరాయించి, ఒకసారి అందుకున్నాక మామూలుగా నడిస్తే, ఆ కన్నంలోంచి గాలి దూరి గొట్టంలో డీజిల్ టాంకులోకి జారిపోయిందన్నమాట.

ఇక్కడే కొత్త పంపుకి తనది కాని కీర్తి వస్తుంది. పంపు మార్చాలంటే గొట్టాలు విప్పాలి, కొత్త వాషర్లు వెయ్యాలి, క్లిప్పులు బిగించాలి, ఎయిర్ తీయాలి. గాలి పీలుస్తున్న జాయింటు ఆ విప్పడం బిగించడంలో తనంతట తనే సర్దుకుంటుంది. ఇంజను లాగుతుంది. "చూశావా, పంపే" అంటారు అందరూ. పాత పంపు తుక్కులో పడుతుంది, దానిలో లోపమే లేకపోయినా. కొన్నాళ్ళకి క్లిప్పు వదులై జబ్బు తిరగబెడితే, "డూప్లికేట్ పంపు అంటగట్టాడు" అని షాపువాణ్ణి తిడతారు. డూప్లికేట్ సరుకు మార్కెట్లో లేదని కాదు, దండిగా ఉంది. కానీ ఆ తిట్లలో కొన్ని క్లిప్పుకి చెందాల్సినవి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లకి వేట నిషేధం. మెకానిక్కులకి అసలు సీజను నిషేధంలో కాదు, అది ఎత్తేసిన మొదటి వారంలో. రెండు నెలలు ఎండకి నిలబడ్డ రబ్బరు గొట్టాలు బీటలు తీస్తాయి. సగం ఖాళీగా ఉన్న టాంకు పగలు వేడికి గాలి వదిలి, రాత్రి చల్లటి తడిగాలి పీల్చి, గోడలకి నీరు పట్టి అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ పైనున్న డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి బంకగా తయారవుతుంది. ఒడ్డున అది అడుగునే పడుంటుంది. అలల్లో టాంకు కుదిలితే లేచొచ్చి ఫిల్టరులో ఇరుక్కుంటుంది. ఇంకొకటుంది, దీన్ని కనిపెట్టినప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలీదు. నిషేధంలో బోటుకి రంగులేస్తారు. రంగేసే కుర్రాడు హుషారుగా టాంకు గాలి గొట్టం మూతిని కూడా కలిపి పూసేస్తాడు. డీజిల్ వాడేకొద్దీ టాంకులోకి గాలి రాదు, పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. టాంకు మూత వదులు చేస్తే బుస్సుమని గాలి దూరి ఇంజను లేస్తుంది. నేనైతే స్పానరు ముట్టుకునే ముందు మూత తిప్పి చూడమంటాను.

అలాంటి వారంలో ఒక సాయంత్రం మా బాబాయ్ పని చూస్తూ కూర్చున్నాను. రేవు పక్క వర్క్‌షాపులో ఆయనకి నలభై ఏళ్ళకి పైబడ్డ అనుభవం. నేను పాలిటెక్నిక్‌లో డీజిల్ ఇంజను గురించి చదివినవాణ్ణి మాత్రమే, చేతులు ఆయనవి. సరంగు కొత్త పంపు కొనుక్కుని డబ్బాతో సహా తెచ్చాడు.

"మార్చెయ్ బాబాయ్, పొద్దున్నే ఏటకెళ్ళాలి."

"మారుద్దాంలేరా. పొగ ఎలా ఉంది, అది చెప్పు."

పొగ లేదన్నాడు సరంగు. ఆ ఒక్క ముక్కతో సగం అనుమానాలు తీరిపోయాయి. ఆర్పీఎం పడిపోతూ నల్లపొగ వస్తే డీజిల్ సరిపడా అందుతోంది, గాలి చాలడం లేదనో, లోడు ఎక్కువైందనో అర్థం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, పంకాకి తాడు చుట్టుకుని ఉండొచ్చు. పొగ లేకుండా నీరసపడితే తిండి అందడం లేదు.

బాబాయ్ ఫిల్టరు విప్పి చూశాడు, పర్లేదు, అయినా కొత్తది వేశాడు. తర్వాత టాంకు నుంచి వచ్చే గొట్టం విప్పి, పంపు మూతికి ముందు మూరెడు తెల్లటి పారదర్శకపు ట్యూబు అతికాడు. బోటుని జెట్టీకి రెండు వరసల తాళ్ళతో కట్టించి, ముందు గేరు వేయించి, యాక్సిలేటర్ లాగించాడు. కదలని బోటుని ఇంజను తోస్తుంటే లోడు దానంతటదే వస్తుంది. బయటి సముద్రం దాకా వెళ్ళకుండా ఆ స్థితిని రేవులో తెప్పించడానికి ఇంతకన్నా మంచి దారి నేను చూడలేదు. తాళ్ళు తెగితే ప్రమాదం కాబట్టి వాటి వరసలో ఎవర్నీ నిలబడనివ్వకూడదు. మొదట ట్యూబులో డీజిల్ నిండుగా, లేత పసుపు రంగులో, కదులుతోందో లేదో తెలీనట్టుంది. ఆర్పీఎం పెరిగేసరికి ఒక బుడగ వచ్చింది, ఆవగింజంత. వెనకాలే ఇంకోటి. కాసేపటికి వరసగా సన్నటి బుడగలు ట్యూబు పైగోడకి ఆనుకుని పంపు వైపు పాకుతూ పోతున్నాయి. సరంగు వంగి చూసి, "ఇంతకాలం గాలి తాగిందా ఇది" అన్నాడు.

ఆ గాలి ఎక్కడిదో తేలాలి. నీళ్ళు వేరు చేసే గాజు కప్పు కింద రబ్బరు రింగు గట్టిపడి పెచ్చులు లేచిపోయింది. ఇక్కడ ఎవరైనా రింగు మార్చి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోతారు. బాబాయ్ ఆ పాత దారిని మొత్తం పక్కన పెట్టి, శుభ్రమైన డీజిల్ డబ్బా తెచ్చి, కొత్త గొట్టంతో నేరుగా పంపుకి కలిపాడు. డబ్బాని మాత్రం టాంకు అడుగు మట్టానికి, ఇంజను గది నేల మీద పెట్టాడు.

"పైన పెడితే సులువు కదా బాబాయ్?" అన్నాను.

"పైన పెడితే దానంతటదే దిగుతుంది. ఇంక పంపు మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుందిరా?"

చాలామంది డబ్బా పరీక్ష చేసి కూడా మోసపోయేది ఈ ఎత్తు దగ్గరే. నీరసపు పంపు కూడా ఎత్తులోంచి వచ్చే డీజిల్‌తో నెట్టుకొచ్చేస్తుంది. టాంకు నిండుగా ఉన్నప్పుడు వెళ్ళేటప్పుడు బాగుండి, టాంకు సగమయ్యాక తిరుగు ప్రయాణంలో మొరాయించే బోట్ల కథ కూడా ఇదే.

కొత్త గొట్టంలో బుడగ లేదు. అయినా లోడు మీద ఇంజను జారింది. రెండు జబ్బులు ఒకేసారి ఉన్నాయన్నమాట. అప్పుడు పంపు బయటికిచ్చే వైపు గొట్టం విప్పి సీసాలో పెట్టించి, ఇంజను అందుకోకుండా స్టాప్ లాగి పట్టుకుని స్టార్టరు తిప్పారు. మంచి పంపు ఒక్కో దెబ్బకి పిచికారీ కొట్టినట్టు విసురుతుంది. ఇది ఒక దెబ్బకి కాస్త చిమ్మి, మరో దెబ్బకి ఉమ్మి ఊరుకుంది.

"ఆయిల్ ఎప్పుడు చూశావు?" అన్నాడు బాబాయ్.

"రోజూ చూస్తున్నా. అస్సలు తగ్గట్లేదు బాబాయ్, మంచి ఆయిల్ పడింది ఈసారి."

డిప్‌స్టిక్ తీస్తే గీతకి అంగుళం పైన ఉంది. చాంబరులో ఆయిల్ తగ్గాలి, లేదా ఉన్నచోట ఉండాలి. పెరగడానికి వీల్లేదు. డయాఫ్రం చిరిగితే డీజిల్ కామ్ వైపు జారి చాంబరులో చేరుతుంది. ఉప్పునీళ్ళు చేరితే ఆయిల్ తెల్లగా పాలవిరుగుడులా మారుతుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. డీజిల్ చేరిన ఆయిల్ నల్లగానే ఉంటుంది, పల్చబడుతుంది, వేళ్ళ మధ్య రుద్దితే జారుడు పోతుంది. కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి కాసేపు వదిలితే నల్లమచ్చ చుట్టూ లేత వలయం పాకుతుంది. పంపు ఒంటికే అడుగున ఒక చిన్న కన్నం ఉంటుంది చాలా మోడళ్ళలో. డయాఫ్రం పోతే డీజిల్ అక్కడ చెమ్మగా కనిపించాలని పెట్టింది. ఆ కన్నం జిడ్డుతో పూడిపోయి ఉంటుంది సాధారణంగా. పల్చబడ్డ ఆయిల్‌తో పూర్తి లోడు మీద నడిపితే బేరింగులు పోతాయి. పంపు ఖరీదెక్కడ, బేరింగుల ఖరీదెక్కడ.

మార్చడం, నిజానికి, పనిలో చిన్న భాగం. టాంకు కాక్ కట్టి, చుట్టూ మురికి తుడిచి, విప్పిన గొట్టాల మూతులకి గుడ్డ కాదు, శుభ్రమైన బిరడాలు పెట్టాలి. గుడ్డపోగు ఒక్కటి వాల్వు కింద చేరినా కొత్త పంపు పాతదైపోతుంది. బోల్టులు వదులు చేసేముందే ఇంజనుని చేత్తో తిప్పి కామ్ ఎత్తు లీవరుని వదిలే చోట ఆపాలి. ఆపకపోతే స్ప్రింగు పంపుని బయటికి తోస్తుంటుంది, కుర్రాళ్ళు బోల్టులతో లోపలికి లాక్కుంటారు, పంపు చెవి పగులుతుంది. గాస్కెట్ మందం కూడా లెక్కే. పాతదాన్ని గీకకుండా దాని మీదే కొత్తది వేస్తే పంపు ఆ మేరకు వెనక్కి జరిగి లీవరు నొక్కుడు తగ్గుతుంది. షెల్లాక్ పులిమేస్తే లీకు ఉండదనుకోవడం మన దగ్గర పెద్ద జబ్బు. ఎక్కువైనది లోపలికే పోతుంది. బాంజో బోల్టుకి రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవే వేయాలి. ఒకసారి నొక్కుడుపడ్డ రాగి గట్టిపడి మళ్ళీ అణగదు. సముద్రం మధ్యలో కొత్తవి లేకపోతే పాతదాన్ని పొయ్యి మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. ఇది సరంగులందరికీ తెలిసుండాలి.

ఎయిర్ తీయడంలో వరస తప్పకూడదు. ముందు ఫిల్టరు మీది స్క్రూ, తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ, అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ళ దగ్గరి నట్లు. ఫీడ్ పంపు చేతి లీవరు ఆడిస్తుంటే మొదట ఏమీ రాదు, తర్వాత బుస్సుమంటూ తెల్లటి నురగ, తర్వాత మధ్యమధ్య చిట్లే డీజిల్, చివరికి చిట్లని ధార. ధార కారుతుండగానే, చెయ్యి ఆడుతుండగానే స్క్రూ బిగించాలి. ఆగి బిగిస్తే కాస్త గాలి వెనక్కి పోతుంది. చేతి లీవరు ఎంత ఆడించినా బిగువు తగలకపోతే పంపుని తిట్టక్కర్లేదు. ఇంజను ఆగినప్పుడు కామ్ పై ఎత్తు మీద ఆగి డయాఫ్రాన్ని కిందే పట్టుకుని ఉంటుంది. ఇంజనుని ఒక చుట్టు తిప్పితే బిగువు వస్తుంది. కొత్త పంపుని ఈ కారణంగా షాపుకి తిరిగిచ్చేసిన ఓనర్లున్నారు. నాజిళ్ళ దగ్గర మాత్రం వేలు అడ్డం పెట్టడం, చెయ్యి ఆనించి చూడడం వద్దు. ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చూడ్డానికి సూది గుచ్చుకున్నంతే ఉంటుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సొస్తుంది. కారిన డీజిల్‌ని కోసిన నీళ్ళ సీసాలో పట్టుకోవాలి. అడుగున వదిలేస్తే చేది పోసేటప్పుడు అదంతా కాలువలోకే చేరుతుంది.

ఫైబర్ బోట్లకి వెనక తగిలించే చిన్న మోటార్లది వేరే దారి. చాలావాటిలో పంపుకి కామ్ ఉండదు, ఇంజను లోపలి ఒత్తిడి హెచ్చుతగ్గులే డయాఫ్రాన్ని ఆడిస్తాయి. గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బే అక్కడ వైద్యుడు. నీరసపడుతున్నప్పుడు బల్బు నొక్కితే మోటారు లేచిందా, పంపుని అనుమానించొచ్చు. బల్బు తనంతట తనే నొక్కుకుపోయి చదునైందా, అడ్డం టాంకు వైపుంది. పెట్రోలు కాబట్టి బీడీ ఆర్పేసి చూడాలి.

మన సరంగు బోటుకి ఆ రాత్రి కొత్త పంపు, కొత్త రింగు, కొత్త గొట్టం పడ్డాయి. మళ్ళీ రెండు వరసల తాళ్ళు, మళ్ళీ ముందు గేరు. పారదర్శకపు ట్యూబుని బాబాయ్ వెంటనే తీయలేదు, లోడు మీద బుడగ లేదని చూశాకే తీశాడు. డీజిల్‌కీ వేడికీ అది నాలుగు రోజులు ఆగదు కాబట్టి శాశ్వతంగా వదలకూడదు. ఓనరుతో అసలు గొడవ ఆయిల్ దగ్గర వచ్చింది. "మొన్ననే మార్చాం కదా, ఇంకా నల్లబడలేదు" అన్నాడాయన ఫోన్‌లో. మార్చకపోతే బిల్లు రాయను, పని కూడా చేసినట్టు చెప్పను అన్నాడు బాబాయ్. చాంబరు దించారు, ఆయిల్ ఫిల్టరుతో సహా మార్చారు. పాత పంపుని సరంగు తుక్కువాడికి ఇస్తానంటే బాబాయ్ లాక్కుని విప్పాడు. డయాఫ్రం మడత దగ్గర గోరంత చిరుగు. వాల్వులు బాగున్నాయి, స్ప్రింగు బాగుంది. కిట్టు కొని తెస్తే కూర్చోబెట్టి ఇస్తాను, బోటులో స్పేరుగా ఉంచుకో అన్నాడు. కిట్టు ఎంతవుతుందో కనుక్కుని చెబుతానని సరంగు పంపు ముక్కల్ని బనియను గుడ్డలో మూటగట్టుకుని వెళ్ళాడు.